కార్డులో ఒక్కరు, పొయ్యి దగ్గర ముగ్గురు

రేషన్ కార్డులో కుటుంబం అంటే ఎవరో తేల్చే అధికారులకు,

నమస్కారం. నేను కర్నూలు జిల్లాలో ఆదోని వైపు ఒక ఊళ్లో చౌక ధరల దుకాణం నడుపుతున్నాను. మా దగ్గర దాన్ని స్టోరు అంటారు, నన్ను స్టోరక్క అంటారు. మా ఆయన పేరు మీద ఉన్న దుకాణం ఆయన పోయాక నా పేరుకు మారింది. 2021లో వీధుల్లోకొచ్చి సరుకు పంచే ప్రభుత్వ బండ్లు వచ్చాక నాలుగేళ్లు మా పని బండికి బియ్యం ఎక్కించి కూర్చోవడమే అయింది. ఆ కాలం వదిలేస్తే ఊళ్లో ఎవరికెంత బియ్యమో నా కాటాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు.

తెలుసని అనుకునేదాన్ని అనాలి నిజానికి. 2025 జూన్‌లో బండ్లు ఆగిపోయి మళ్లీ స్టోర్లు తెరిచినప్పుడు, 65 ఏళ్లు దాటినవాళ్లకీ దివ్యాంగులకీ ఇంటికే తీసుకెళ్లి ఇవ్వమన్నారు. నెలాఖరులో 26 నుంచి 30 లోపల. మొదట్లో విసుక్కున్నాను. వేలిముద్ర మిషన్ మోసుకుని, కాటా మోసుకుని, బియ్యం సంచులు మనవడి బండి మీద పెట్టుకుని సందులు తిరగడం ఈ వయసులో మాటలు కాదు. కానీ అలా తిరగడం వల్లే ఒకటి తెలిసొచ్చింది. ఇన్నేళ్లూ నేను చూసింది వేళ్లను. వేలు పెట్టు, లైటు వెలిగిందా, తూకం, సంచి, తర్వాతి మనిషి రా. ఇళ్లకు వెళ్లాకే పొయ్యిలు కనిపించాయి. నా మిషన్‌లో ఉన్న కుటుంబాలు వేరు, పొయ్యి చుట్టూ ఉన్న కుటుంబాలు వేరు. ఆ తేడా గురించే ఈ ఉత్తరం.

మొన్న ఫిబ్రవరి బియ్యం ఇవ్వడానికి జనవరి 27న ఒక అవ్వ ఇంటికి వెళ్లాను. మిషన్‌లో ఆమె కార్డు తెరిస్తే సభ్యులు: ఒకరు. బియ్యం: 5 కిలోలు. అవ్వ వేలు మొదటిసారి పడలేదు. చీర కొంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టింది, పడలేదు. నాలుగోసారికి పడింది. బియ్యం పోయడానికి ఆమె డబ్బా మూత తీస్తుంటే చూశాను, పొయ్యి దగ్గర మూడు కంచాలు బోర్లించి ఉన్నాయి. ఇద్దరు మనవళ్లు. ఒకడు నాలుగో తరగతి, చిన్నది రెండో తరగతి. కొడుకూ కోడలూ సుగ్గికి పోయారు.

సుగ్గి అంటే మీకు తెలియకపోదు, అయినా చెబుతాను. మా కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు వానలు మోసం చేసిన ఏడాదే కాదు, బాగా పడిన ఏడాది కూడా సంక్రాంతి అటూ ఇటూగా జనం మూటలు కట్టుకుని గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. మళ్లీ ఉగాది దాటాకే రావడం. కొందరు పిల్లల్ని వెంట తీసుకెళ్తారు, బడి పోతుంది. కొందరు సీజనల్ హాస్టల్లో వదులుతారు. చాలామంది అవ్వాతాతల దగ్గర వదిలి పోతారు. ఆ మూడు నెలలూ మా ఊళ్లో కనిపించేది ముసలోళ్లూ పిల్లలే. మధ్య వయసు మనిషి కనిపిస్తే సుగ్గికి పోలేదేం, ఒంట్లో బాగలేదా అని అడుగుతాం.

ఈ పిల్లల పేర్లు అవ్వ కార్డులో లేవు, వాళ్ల నాయన కార్డులో ఉన్నాయి. నలుగురికి 20 కిలోలు. ఏ ఊళ్లోనైనా తీసుకునే సౌకర్యం ఉంది కాబట్టి ఆ 20 కిలోలూ అతను గుంటూరు వైపే తీసుకుంటాడు. అది మంచి సౌకర్యమే, కాదనను. 2019లో దేశంలోనే ముందుగా రాష్ట్రం దాటి సరుకు ఇచ్చి చూసింది మన రెండు తెలుగు రాష్ట్రాల మధ్యా, గుజరాత్ మహారాష్ట్రల మధ్యానే. పనికి పోయినోడికి పని దగ్గరే బియ్యం దొరుకుతున్నాయి. కానీ పిల్లల 10 కిలోలు కూడా అక్కడికే పోయాయి. పిల్లలు ఇక్కడ ఉన్నారు. మధ్యలో మూడొందల కిలోమీటర్ల పైన దూరం.

ఉన్నవాళ్లు ఉన్నచోట, పోయినవాళ్లు పోయినచోట విడివిడిగా వాటా తీసుకోవచ్చని ‘ఒకే దేశం ఒకే కార్డు’లో ఉంది. ఆ కొడుక్కి ఫోన్ చేసి చెప్పాను. “అక్కా, ఇక్కడ అంగడాయన నలుగురివీ కలిపే పోస్తాడు. పిల్లలవి వద్దంటే అవి మళ్లీ మా అమ్మకి వస్తాయో రావో. ఉన్నవి పోగొట్టుకోమంటావా?” అన్నాడు. అతన్ని తప్పు పట్టలేకపోయాను. నిజంగా వస్తాయని నేను మాత్రం గట్టిగా చెప్పగలనా?

అయిదు కిలోలంటే ఒక మనిషికి రోజుకు 166 గ్రాములు. ముగ్గురికి పంచితే 55. ఈ లెక్క వేసి నేను ఏడ్చేశానని రాస్తే అబద్ధం అవుతుంది. ఎందుకంటే అవ్వకు నెలకు 4,000 పింఛను వస్తుంది, పిల్లలు మధ్యాహ్నం బళ్లో తింటారు, అవ్వ దగ్గర నాలుగు శేర్ల జొన్నలున్నాయి. పస్తుల ఇల్లు కాదది. అయితే ఎక్కడ కోత పడుతుందో చూడండి. పింఛనులో బీపీ మాత్రలు, నూనె, పిల్లల సబ్బులు, పెన్నులు పోను మిగిలిందాంట్లో కొట్టు బియ్యం కొనాలి. కిలో 50 రూపాయల పైమాటే. బడి ఉన్న రోజు రాత్రి ఒక్కపూట వండితే సరిపోతుంది. ఆదివారం రెండు పూటలు వండాలి. “ఆదివారమొస్తే నాకు టెన్షనమ్మా” అంది అవ్వ, నవ్వుతూనే. మనలాంటి వాళ్లు ఆదివారం కోసం ఎదురుచూస్తాం. ఆ రోజు తను పొద్దున టీ తాగి మధ్యాహ్నం దాకా ఆకలి లేదంటుందట. మనవడు చెప్పాడు. అవ్వ వాడి నెత్తిన మొట్టింది.

బళ్లో పెట్టే భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. గోదావరి లంకలో, లంకల గన్నవరంలో, వేళాపాళా లేకుండా వచ్చినవాళ్లకి వచ్చినట్టు వడ్డించిన తల్లి ఆమె. ఆమె ముందు విస్తరి వేసుకుని కూర్చున్నవాడే ఆ పూటకు ఆ ఇంటి మనిషి. పేరు పెట్టుకున్నాం కాబట్టి ఆ లెక్క కూడా కాస్త తీసుకుంటే బాగుంటుందని నాకు అనిపిస్తుంది.

ఇది ఒక ఇల్లు. ఇంకో ఇంట్లో దీనికి తిరగబడిన కథ. అక్కడ కార్డులో ఎక్కువమందిని చూపించి, ఉన్న ఒక్క మనిషికీ లేకుండా చేశారు. ఆమెకు యాభై దాటాయి, భర్త లేడు, కొడుకు బెంగళూరులో ఉంటాడు. పెళ్లి కాలేదు. ఎప్పుడో వలంటీర్లు సర్వేకు వచ్చిన రోజు కొడుకు ఇంట్లో ఉన్నాడు, ఇద్దరూ ఒకే ఇంటివాళ్లుగా కంప్యూటర్‌కెక్కారు, మ్యాపింగ్ అంటారు దాన్ని. తర్వాత కొడుకు సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. నాలుగు చక్రాల బండి ఉంటే కార్డుకు అర్హత లేదు గదా (ట్యాక్సీలు, ట్రాక్టర్లు, ఆటోలు వేరు). కార్డు ఆగిపోయింది. ఆమె ఒక ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగింది. పెళ్లయితే విడదీస్తాం, చనిపోతే పేరు తీసేస్తాం, పెళ్లికాని కొడుకుని తల్లి నుంచి విడదీసే ఆప్షన్ లేదన్నారట. “ఆ కారు నేను ఎక్కింది లేదు సరే, దాని రంగు ఏందో కూడా నాకు తెల్దు స్టోరక్కా” అని నా దగ్గర మొత్తుకుంది. నేనేం చెప్పను? 2013 ఆహార భద్రతా చట్టం ఇంట్లో 18 ఏళ్లు దాటిన పెద్ద ఆడమనిషే కార్డుకు యజమాని అంది. కాగితం మీద యజమానురాలు ఆమె, ఆమె తిండిని నిర్ణయించింది మాత్రం బెంగళూరులో ఉన్న కారు.

కరెంటు మీటరు కథ కూడా ఇలాంటిదే, ఎక్కువ చెప్పను. ఒకే మీటరు కింద ముగ్గురు అన్నదమ్ములు, మూడు పొయ్యిలు. యూనిట్లన్నీ ఒకరి పేరు మీదే పడి, కార్డుకు పెట్టిన 300 యూనిట్ల హద్దు దాటాయి.

మీ వైపు మాట కూడా నాకు తెలుసు. విడదీయడం సులువు చేస్తే ఒకే ఇంట్లో మూడు కార్డులు పుడతాయంటారు. పుడతాయి. కాగితం మీద విడిపోయి ఒకే కంచంలో తినే మొగుడూ పెళ్లాలను నేనూ చూశాను, పేర్లు చెప్పను. కానీ మోసాన్ని పట్టుకోవాలన్నా కంప్యూటర్ కన్నా పొయ్యే మేలు. రెండు పొయ్యిలున్నచోట రెండు మసిబట్టిన గిన్నెలుంటాయి, రెండు ఉప్పు డబ్బాలుంటాయి, రెండు పోపు వాసనలు వస్తాయి. ఆధార్ నంబరును మాయ చేయొచ్చు గానీ ఉప్పు డబ్బాను మాయ చేయడం కష్టం. జనాభా లెక్కలవాళ్లు ఎప్పటి నుంచో చేస్తున్నది ఇదే. ఒకచోట ఉంటూ ఒకే వంటగదిలో వండింది తినేవాళ్లను వాళ్లు ఒక కుటుంబం అంటారు. చుట్టరికం ఉండాలనే రూలే లేదు. అంత తేలికైన మాట ప్రభుత్వం దగ్గరే ఉండగా, కార్డు దగ్గరికొచ్చేసరికి పెళ్లి సర్టిఫికెట్లూ మ్యాపింగ్‌లూ ఎందుకు అడ్డం వస్తున్నాయో నాకు అర్థం కాదు.

ఇక కార్డులో అందరి పేర్లూ సరిగ్గా ఉన్నా, ఎంతమంది అని మాత్రమే చూస్తే సగమే తెలుస్తుంది. ఎవరెవరు అన్నది కూడా చూడాలి. మా స్టోరు వెనక వీధిలో పక్కపక్కనే రెండిళ్లు, రెండింటికీ 25 కిలోలే. ఒక ఇంట్లో మొగుడూ పెళ్లాం, ముగ్గురు పసిపిల్లలు. ఇరవై ఐదో తేదీకి కూడా వాళ్ల డబ్బాలో బియ్యం ఉంటాయి. పక్కింట్లో తల్లి, ముగ్గురు ఎదిగిన కొడుకులు, ఒక కూతురు. అందరూ కూలికి పోయేవాళ్లే. పదిహేనో తేదీకి డబ్బా అడుగు గీకుతుంటారు. మొదటి ఇంటావిడ రెండో ఇంటికి శేరు, రెండు శేర్లు చేబదులిస్తుంది. మీ పథకం నడుస్తున్నదాంట్లో సగం ఈ చేబదుళ్ల పుణ్యమే అని నేను పందెం కాస్తాను. ఒంటరి ముసలోళ్లకు ఈ దారి కూడా లేదు. తిరిగి ఇవ్వగలదన్న నమ్మకం ఉంటేనే ఎవరైనా బదులిస్తారు. ఇవ్వలేనేమోనని వాళ్లు అడగనే అడగరు.

కొన్ని సరుకులు మనిషి లెక్కన కాదు, కార్డు లెక్కన వస్తాయి. చక్కెర కార్డుకు అరకిలో. కందిపప్పు వచ్చిన నెల కార్డుకు కిలో. ఒక్కతే ఉన్నామెకు ఆ పప్పు నెలంతా వస్తుంది, ఎనిమిది మంది ఉన్న ఇంట్లో నాలుగు రోజులకు నీళ్లచారు. గ్యాసు సిలిండర్లు ఏడాదికి మూడు ఉచితం, అదీ ఇంటికే. ఎనిమిది మందికి వండే ఇంట్లో మార్చి రాకముందే మళ్లీ కట్టెల పొయ్యి వెలుగుతుంది.

అంత్యోదయ కార్డుల దగ్గర ఇది ఇంకా చిత్రంగా ఉంటుంది. 2000లో అతి పేదల కోసం పెట్టారు. ఇప్పుడు ఇంటికి 35 కిలోలు, ఎంతమంది ఉన్నా. 2003లో సుప్రీంకోర్టు ఒంటరి ఆడవాళ్లనూ, దిక్కులేని ముసలోళ్లనూ, దివ్యాంగులనూ అందులో చేర్చమంది. చాలా మంచి పని, ఆ కార్డు వల్లే బతికినవాళ్లు నాకు తెలుసు. కానీ మా ఊళ్లో ఒక అంత్యోదయ ఇంట్లో ఇప్పుడు తొమ్మిది మంది ఉన్నారు. కొడుకులు, కోడళ్లు, పిల్లలు. వాళ్లకూ 35 కిలోలే. మనిషికి 4 కిలోలు కూడా పడవు. మామూలు కార్డే ఉంటే 45 కిలోలు వచ్చేవి. అతి పేదవాళ్లని ఇచ్చిన కార్డు వాళ్లకు నెలకు 10 కిలోలు తక్కువ చేసింది. ఏడుగురు దాటిన ప్రతి ఇంటికీ ఇదే లెక్క. తెలంగాణలో అయితే మామూలు కార్డుకు మనిషికి 6 కిలోలు కాబట్టి ఆరుగురి దగ్గరే 36 అయి దాటిపోతుంది.

అలాగని ఒంటరి ముసలామె దగ్గర ఆ 35 కిలోలు కోసేయమని చెప్పడం లేదు, దయచేసి అలా చదవకండి. ఆమె తినేది పది కిలోలే కావచ్చు. మిగిలినవి పెట్టి కూర, నూనె, మజ్జిగ తెచ్చుకుంటుంది. చట్టం ఒప్పుకోదు, నాకూ తెలుసు. విదేశాలకు పోవడానికి కాకినాడలో ఓడ దాకా పోయిన స్టోరు బియ్యం గురించి 2024లో టీవీలో వచ్చినప్పుడు ఊళ్లో ఒకాయన ఈమెను చూపించి ఎగతాళి చేశాడు. ఆమె సంచికీ ఆ ఓడకీ ఎంత దూరమో లెక్క తెలియని మనిషి. బియ్యం ఒక్కటే ఇచ్చి, దాంతో కూడు అయిపోయిందనుకుంటే జనం బియ్యాన్ని కూరగా మార్చుకునే దారి వెతుక్కుంటారు. అంతే.

తొమ్మిది మంది ఇంట్లో ఆ తక్కువ 10 కిలోలు ఎవరి కంచంలో నుంచి పోతాయో కూడా చెప్పనివ్వండి. మగవాళ్లకు పెడతారు, పిల్లలకు పెడతారు, అత్తకు పెడతారు. చిన్న కోడలు గిన్నె ముందు కూర్చుని అడుగున ఉన్నదాంట్లో మజ్జిగ పోసుకుంటుంది. ఆ అమ్మాయి రెండోసారి నెల తప్పింది. కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తం తక్కువని తేలింది, 2019-20 నాటి మాట. ఆ అంకె చదివినప్పుడు నాకు ఆ గిన్నె అడుగే గుర్తొచ్చింది. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థవాళ్లు తిండికి ఇబ్బంది ఉందో లేదో తెలుసుకోవడానికి ఎనిమిది ప్రశ్నలు అడుగుతారు. తిండి సరిపోదేమోనని దిగులు పడ్డారా దగ్గర మొదలై, రోజంతా తినకుండా ఉన్నారా దాకా. మంచి ప్రశ్నలు. మన ఊళ్ల కోసం తొమ్మిదోది నేను కలుపుతాను: మీ ఇంట్లో అందరి తర్వాత తినేది ఎవరు? జవాబు వచ్చాక ఆ మనిషిని పక్కకు పిలిచి మిగతా ఎనిమిదీ ఆమెనే అడగండి. ఇంటి పెద్దను అడిగితే ఏ ఇంట్లోనూ ఆకలి ఉండదు.

మీరు మార్చలేరని అనుకుంటే ఇంత రాసేదాన్ని కాదు. రాష్ట్రం విడిపోక ముందు మనిషికి 4 కిలోలు, కార్డుకు 20 కిలోలకు మించకూడదని ఉండేది. ఆరోవాడు పుట్టాడంటే వాడికి బియ్యం లేనట్టే. మా ఆయన అప్పట్లో తల్లులతో రోజూ మాట పడేవాడు, ఆయన చేతిలో ఏమీ లేకపోయినా. 2015లో ఆ పరిమితి ఎత్తేసి మనిషికి 5 కిలోలు చేశారు. గొడవ ఆ నెలతో సరి. బడి పిల్లల కోసం ఇచ్చే అమ్మ ఒడి డబ్బు తల్లికి ఒక్క బిడ్డకే ఉండేది, 2025 జూన్‌లో తల్లికి వందనం ఎంతమంది పిల్లలుంటే అంతమందికీ వేశారు. తెలంగాణవాళ్లు ఆరో కిలో సొంత ఖర్చుతో ఇస్తున్నారు. తలల లెక్క ప్రభుత్వాలకు రాక కాదు.

కాబట్టి అంత్యోదయ ఇంట్లో ఏడుగురు దాటితే, 35 కిలోలా, మనిషికి 5 చొప్పునా అని చూసి, ఏది ఎక్కువైతే అది ఇప్పించండి. కేంద్రం ఇవ్వనంటే ఆ తేడా రాష్ట్రం భరించాలి. అలాంటి ఇళ్లు ఒక్కో స్టోరు కింద వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉంటాయి. పప్పు మనిషి లెక్కన ఇవ్వండి. విడిగా వండుకునే తల్లినీ, విడిగా వండుకునే కొడుకునూ పెళ్లితో పని లేకుండా విడదీయడానికి ఒక ఆప్షన్ పెట్టండి, చూసి రావడానికి మనిషిని పంపండి. సుగ్గి ముగిసేదాకా పిల్లల వాటాను అవ్వ కార్డుకు మార్చే బటన్ ఒకటి నా మిషన్‌లో పెట్టండి. జనవరిలో నొక్కుతాను, ఏప్రిల్‌లో తీసేస్తాను. హాస్టల్‌కు వెళ్లిన పిల్లలకు, పురిటికొచ్చిన కూతురికి కూడా అదే బటన్ పనికొస్తుంది.

ఇంకో సంగతి. ఎంతమందికి కార్డులివ్వాలన్న లెక్క ఇప్పటికీ 2011 జనాభా మీదే నడుస్తోంది. 2027 జనగణనలో మనుషులు ఇంటింటికీ వచ్చి వంటగదిని చూసి కుటుంబాన్ని రాసుకుంటారు. ఆ లెక్క చేతికొచ్చాక కూడా మళ్లీ మ్యాపింగ్ దగ్గరికే పోకండి. అయితే వాళ్లు తలలు లెక్కపెట్టేది 2027 ఫిబ్రవరిలో. మా ఊళ్లో సగం మంది అప్పుడు మిరప చేలల్లో ఉంటారు. అది కూడా ఎవరైనా ఆలోచిస్తే మంచిది.

2025 ఆగస్టులో మొదలుపెట్టి పంచిన కొత్త స్మార్ట్ కార్డులు బాగున్నాయి, క్యూఆర్ కోడ్ ఉంది, చిరగవు. అవ్వ దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి దేవుడి పటం వెనక దాచింది. దాని మీద ఆమె పేరు ఒక్కటే ఉంది.

ఈ నెల 26న పొద్దున ఎనిమిదింటికి మళ్లీ ఆ వీధికి వెళ్తున్నాను. మీలో ఒకరు వస్తే కాటా ఒకవైపు పట్టుకుందురు గాని. ఆదివారం రాగలిగితే ఇంకా మంచిది, ఆ రోజు పిల్లలు ఇంట్లోనే ఉంటారు.

ఇట్లు,
ఒక చౌక ధరల దుకాణం డీలరు,
ఆదోని డివిజన్, కర్నూలు జిల్లా